నాలుగో పెట్టె

వైర్‌మన్ లైసెన్సు పరీక్ష ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది. ఆ ఒక్క పూట ల్యాబ్ అటెండరుకి ఎక్కడలేని బంధువులూ పుట్టుకొస్తారు. ముక్కూ మొహం ఎరగనివాళ్ళు “బాబాయ్” అంటూ దగ్గరికొస్తారు, ఆరోగ్యం అడుగుతారు, టీ తాగారా అని అడుగుతారు. మర్నాటి నుంచి మళ్ళీ పరీక్ష వచ్చేదాకా అతను ఉన్నాడో పోయాడో ఆ ట్రైనింగ్ స్కూల్లో ఎవరికీ పట్టదు.

ఆ పొద్దున అతను ఎనిమిది బల్లలు తుడిచి సర్దాడు. ఒక్కో బల్ల మీద ఒక సప్లై పెట్టె, ఒక వోల్ట్‌మీటరు, ఒక అమ్మీటరు, కరెంటు పెంచి తగ్గించడానికి ఒక రియోస్టాట్. చివర్న మూత బిగించిన చిన్న చెక్కపెట్టె, దాని మీద తెల్ల రంగుతో అంకె, పైన రెండు ఇత్తడి మరలు. పెట్టెలో తీగచుట్ట ఉంటుంది. దాని విలువ కనుక్కోవడమే పరీక్ష. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే ఓములొస్తాయి, గుణిస్తే వాట్లొస్తాయి. మూడుసార్లు కొలిచి, మూడుసార్లు లెక్కకట్టి, కాగితం మీద రాసిచ్చి పోవాలి. అంతకు మించి అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఆ మాత్రం కష్టం కూడా ఎందుకు పడాలని అందరూ ముందుగా అటెండరు చెవి దగ్గరికి వస్తారు.

“బాబాయ్, ఆరు?”

“పద్దెనిమిది.”

“రెండు?”

“నలభై.”

ఎనిమిది పెట్టెల విలువలూ ఎగ్జామినరు జేబులో కార్డు మీద ఉంటాయి, అటెండరు నాలిక మీదా ఉంటాయి. విలువ చెవిన పడ్డాక అభ్యర్థి బల్ల దగ్గరికి వెళ్ళి వెనక నుంచి ముందుకు లెక్క కడతాడు. ఓములు తెలుసు, వోల్టులు మనిష్టం, ఇక ఆంపియర్లెంతో వేళ్ళ మీద వచ్చేస్తాయి. కొందరు మర్యాద కోసం తీగలు తగిలించి స్విచ్చి వేస్తారు. కొందరు ఆ మర్యాద కూడా పాటించరు. ఇందులో తప్పుందని అటెండరు ఎప్పుడూ అనుకోలేదు. ఏడాదికోసారి తన మాట కోసం నలుగురు చెవి ఒగ్గి నిలబడతారు. అది అతనికి ఇష్టం.

నాలుగో బల్ల దగ్గర ముప్ఫై అయిదేళ్ళావిడ ఒకరు నిలబడి ఉన్నారు. ఆ బ్యాచిలో ఆడమనిషి ఆవిడొక్కతే. అందరూ వచ్చి అడిగారు గానీ ఆవిడ రాలేదు. మొహమాటమేమోనని అటెండరే వెళ్ళాడు.

“అమ్మా, నాలుగో పెట్టె పాతిక,” అన్నాడు, బల్ల తుడుస్తున్నట్టు వంగి.

ఆమె నవ్వింది. “చెప్పకండి బాబాయిగారూ. కొలిస్తే వస్తుందిగా.”

అతను గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇన్నేళ్ళ నౌకరీలో ఆ మాట అన్నవాళ్ళు లేరు. తుడిచిన అయిదో బల్లనే మళ్ళీ తుడుస్తూ ఆమెను చూశాడు.

ఆమె సంచీలోంచి గరుకు కాగితం ముక్క తీసి, తీగల కొసలు మెరిసేదాకా రుద్దింది. అమ్మీటరు అద్దం మీద గోటితో రెండుసార్లు కొట్టి, ముల్లు సున్నా మీదికి వచ్చాకే తీగ తగిలించింది. ఇత్తడి మరలు బిగించి, తీగను లాగి చూసింది. ఆరు వోల్టుల దగ్గర ఆపింది. ముల్లు వెనక సన్నటి అద్దం పట్టీ ఉంటుంది. ఒక కన్ను మూసి, ముల్లు తన నీడను తానే కప్పుకునేలా తల సరిచేసుకుని చదివింది. పాయింట్ రెండు. వెంటనే స్విచ్చి ఆపేసింది. చుట్ట వేడెక్కితే విలువ కదులుతుంది కదా, అందుకు. మూత మీద అరచెయ్యి ఆనించి, చల్లబడ్డాక తొమ్మిది వోల్టులు పెట్టింది. పాయింట్ మూడు. పన్నెండుకి పాయింట్ నాలుగు.

భాగించింది. ముప్ఫై, ముప్ఫై, ముప్ఫై. గుణించింది. ఒకటీ పాయింట్ రెండు, రెండూ పాయింట్ ఏడు, నాలుగూ పాయింట్ ఎనిమిది వాట్లు. కాగితం మీద గీత గీసి, కింద “30 ఓములు” అని గుండ్రంగా రాసింది.

అటెండరు ఆ అంకెను రెండుసార్లు చదువుకున్నాడు. ఆ పెట్టెలో ఉన్నది నిజంగా ముప్ఫై ఓములే. కార్డు మీద పాతికే ఉండనీ, తన నోరు ఎన్నేళ్ళుగా పాతికే చెప్పనీ, లోపలున్నది ముప్ఫై. ఆ సంగతి ఇప్పటిదాకా లోకంలో తనొక్కడికే తెలుసు.

ఎగ్జామినరు హెడ్డాఫీసు నుంచి వచ్చినవాడు. సాయంత్రం బస్సు మీదే అతని ప్రాణమంతా ఉంది. బల్ల బల్లకీ వచ్చి కార్డు చూడటం, కాగితం చూడటం, టిక్కు పెట్టడం. మీటర్ల వైపు పొరపాటున కూడా చూడటం లేదు. నాలుగో బల్ల దగ్గర పెన్సిలు ఆగింది.

“ముప్ఫై ఏంటమ్మా? ఇది పాతిక.”

“మూడుసార్లు చూశాను సార్. ముప్ఫయ్యే వస్తోంది.”

“ముప్ఫై ఎలా వస్తుంది? ఏం బాబాయ్, నాలుగో పెట్టె ఎంత?”

కార్డు చేతిలోనే ఉన్నా అడిగాడు. సాక్షి ఉంటే మాటకి బలం కదా. అటెండరుకి ఆలోచించడానికేమీ లేదు. ఏళ్ళ తరబడి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

“పాతిక సార్.”

ఆమె తల తిప్పి అతన్ని చూసింది. కోపంగా చూడలేదు. ఒక్క క్షణం చూసి ఎగ్జామినరు వైపు తిరిగింది.

“కనెక్షను ఇంకా తియ్యలేదు సార్. ఇదిగో, స్విచ్చి వేశాను. ఒక్కసారి ముల్లు చూడండి.”

“నాకు నువ్వు నేర్పనక్కర్లేదు. మీటరు చదవడం రానివాళ్ళకి లైసెన్సిస్తే ఇళ్ళు తగలబడతాయి. వచ్చే ఏడు రా.”

“నెలాఖరుకల్లా లైసెన్సు చూపించకపోతే కొట్టు మూయించేస్తామన్నారు సార్. మా ఆయన పోయాక ఆ కొట్టు నేనే చూసుకుంటున్నాను.”

“దానికి నన్నేం చెయ్యమంటావు?” అని అడ్డంగా గీత కొట్టి ఎగ్జామినరు అయిదో బల్లకి వెళ్ళిపోయాడు. అయిదో బల్లాయన స్విచ్చి కూడా వెయ్యలేదు. అతనికి టిక్కు పడింది.

అందరూ వెళ్ళాక తీగలు విప్పడం అటెండరు పని. నాలుగో బల్ల దగ్గర ముల్లు ఇంకా పాయింట్ నాలుగు మీదే ఉంది. స్విచ్చి ఆపాడు. ముల్లు నెమ్మదిగా వెనక్కి వచ్చి సున్నా మీద ఆగింది.

*

అతని గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం. కుర్చీ మీద బట్టలుంటాయి. ఎవరైనా వస్తే తియ్యాలి గానీ, అవి తియ్యాల్సిన అవసరం ఎన్నాళ్ళుగానో రాలేదు. ఆ సాయంత్రం కేలండరు వెనక్కి తిప్పి ఆమె లెక్క మళ్ళీ వేశాడు. పన్నెండుని పాయింట్ నాలుగుతో భాగిస్తే ముప్ఫై. ఇది తెలియక కాదు. ఇంకొకరి చేతి లెక్క తన చేత్తో వేసుకోవడం బాగుంది. ఆ చుట్ట చుట్టింది అతనే. వరసకి వరస అతుక్కుని, ఒక్క మెలిక లేకుండా, జీవితంలో అంత బాగా ఇంకేదీ చుట్టలేదు. ఏడేళ్ళలో ఎందరో ఆ పెట్టె ముందు నిలబడ్డారు. దాన్ని కొలిచింది ఈవిడొక్కతే. అలాంటి మనిషిని అబద్ధంతో వెనక్కి పంపించాడు.

మర్నాడు బడి వదిలాక ఇస్త్రీపెట్టె సంచీలో వేసుకుని బయల్దేరాడు. కొట్టు చిరునామా అప్లికేషనులో ఉంది.

కొట్టు రెండు చేతులు చాచితే అందేంత వెడల్పు. గోడ నిండా మేకులు, మేకులకి తీగలు, ప్లగ్గులు, పాత స్విచ్చులు. బల్ల మీద విప్పిన మిక్సీ ఒకటి ఉంది. ఆమె దాని పొట్టలోకి టార్చి వేసి చూస్తోంది.

“ఇస్త్రీపెట్టె వేడెక్కట్లేదమ్మా,” అన్నాడు.

ఆమె తలెత్తి గుర్తుపట్టింది. అతను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

“రండి బాబాయిగారూ. కూర్చోండి,” అని స్టూలు మీది తీగచుట్ట తీసి కింద పెట్టింది.

ఇస్త్రీపెట్టె ప్లగ్గులో పెట్టింది. బల్లకి బిగించిన మీటర్లు ఉన్నాయి, ఆమె స్వయంగా బిగించినవే. “రెండు వందల ముప్ఫై వోల్టులు. మూడూ పాయింట్ రెండు ఆంపియర్లు,” అని తనలో తాను చదువుకుంటూ బల్ల మీదే సుద్దముక్కతో రాసింది. “డెబ్భై రెండు ఓములు. ఏడు వందల ముప్ఫై ఆరు వాట్లు. మీది ఏడు వందల యాభై వాట్ల పెట్టె. దీనికి ఏ జబ్బూ లేదు బాబాయిగారూ.”

“ఇంట్లో వేడెక్కలేదు.”

“అయితే మీ ఇంటికే జబ్బు.”

నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో, దవడలు నొప్పెట్టాయి. ఆమె పక్క కొట్టుకి కేకేసి రెండు టీలు చెప్పింది. టీ వచ్చింది. పరీక్ష మాట ఎత్తుతుందేమోనని గ్లాసు వైపే చూస్తూ తాగాడు. చివరికి తనే ఎత్తాడు.

“నిన్న... పరీక్షలో...”

“మీ తప్పేముంది బాబాయిగారూ,” అంది, మిక్సీ మూత బిగిస్తూ. “ఇంటికొచ్చి నా మీటర్లన్నీ ఒకదానితో ఒకటి సరిచూసుకున్నాను. అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. నాకేం దిగుల్లేదు. దిగులల్లా కొట్టు గురించే.”

ఆ మాటకి అతనికి ఊపిరి వచ్చింది. నిజానికి సిగ్గు రావాలి. అది తర్వాత వచ్చింది, గదికి వెళ్ళి బట్టల కుర్చీ పక్కన కూర్చున్నాక.

మర్నాడు కెటిల్ పట్టుకెళ్ళాడు. ఆమె నీళ్ళు పోసి స్విచ్చి వేసి మీటరు చదివింది. ఆరున్నర ఆంపియర్లు. గుణిస్తే పదిహేను వందల వాట్లకి అయిదు తక్కువ. “ఇదీ లక్షణంగా ఉంది. మీ ఇంట్లో అన్నీ మీకంటే ఆరోగ్యంగా ఉన్నట్టున్నాయి,” అంది. ఆ నీళ్ళతోనే ఈసారి టీ తనే పెట్టింది. అతను ఒక పాత ప్లగ్గు విప్పి, కాలిన కొస కత్తిరించి, మళ్ళీ బిగించాడు. “చెయ్యి భలే కుదురండీ మీది,” అని మెచ్చుకుంది. ఆ మాటని అతను దారి పొడుగునా మనసులో తిప్పుకుంటూ ఇల్లు చేరాడు. నిజం చెబితే ఆ స్టూలు పోతుంది. చెప్పకపోతే ఆ కొట్టే పోతుంది. రెండూ తెలిసి కూడా మర్నాటికి ఏం పట్టుకెళ్ళాలా అని గదంతా వెతికాడు. రేడియో దొరికింది.

మూడో రోజు అతను వెళ్ళేసరికి కొట్టు ముందు స్టూలు వేసుకుని ఒకతను బోర్డు కొలుస్తున్నాడు. టేపు ఒక కొస తను పట్టుకుని, రెండో కొస గాలికి వదిలేసి తంటాలు పడుతున్నాడు.

“మా మరిది,” అని ఆమె చెప్పింది. “బోర్డు మారుస్తాట్ట.”

“తప్పేముంది వదినా,” అన్నాడు మరిది, స్టూలు దిగి. మాట మెత్తగా ఉంది. “నాకు లైసెన్సుంది. నా పేరున బోర్డు పెడితే నెలాఖరుకి ఎవరొచ్చినా నోరెత్తరు. నువ్వు కౌంటర్లో కూర్చో, పని నేను చూసుకుంటా. ఇంటి కొట్టు ఇంట్లోనే ఉంటుంది.”

“టెస్టరు ఏ వైపు పట్టుకోవాలో నేర్చుకున్నావా మరి?”

“నేర్చుకుంటాలే.” అప్పుడు అతని కళ్ళు అటెండరు మీద పడ్డాయి. మొహం విప్పారింది. “బాబాయ్! మీరా! నన్ను గుర్తుపట్టలేదా? పోయినేడు మీ స్కూల్లోనే రాశాను. నాలుగో పెట్టె, పాతిక! మీ దయ వల్లే బాబాయ్ లైసెన్సు.”

ఆమె చేతిలో ఉన్న స్క్రూడ్రైవరు గుడ్డతో తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. అటెండరు రేడియో సంచీలోంచి బయటికే తియ్యకుండా ఏదో పనుందని చెప్పి వచ్చేశాడు.

*

ప్రిన్సిపాలు చెడ్డవాడు కాదు. రిటైరవడానికి ముందు ఫైళ్ళన్నీ ముడివేసి అప్పగించాలని చూస్తున్న మనిషి. అటెండరు నిలబడి చెప్పాడు, ఆయన సంతకాలు పెడుతూ విన్నాడు.

“నాలుగో పెట్టెలో ఉన్నది పాతిక కాదు సార్. ముప్ఫై.”

“ఎవడు మార్చాడు?”

“నేనే సార్. ఏడేళ్ళ కిందట ఒకతను సప్లై పెట్టె వదిలేసి నేరుగా మెయిన్సు కరెంటుకి తగిలించి కాల్చేశాడు. కాగితం పెడితే ఎంక్వయిరీ అంటారని భయపడి నేనే చుట్టేశాను. స్టోర్లో ఉన్న తీగ వేరే రకం. చుట్టాక కొలిస్తే ముప్ఫై వచ్చింది. తర్వాత కాస్త కత్తిరిద్దాంలే అనుకున్నాను. ఈలోగా పరీక్ష అయిపోయింది. అందరూ పాతికే రాశారు సార్. తర్వాతి ఏడూ పాతికే. ఎవరూ కొలవలేదు. ఇక కత్తిరించాల్సిన పనే పడలేదు.”

ప్రిన్సిపాలు పెన్ను పెట్టేశాడు. ముందు నవ్వొచ్చింది ఆయనకి. నవ్వుతూ నవ్వుతూ లెక్క వేసుకున్నాడు కాబోలు, మధ్యలో ఆగిపోయాడు.

“అంటే ఏడేళ్ళుగా ఆ బల్ల మీద పాసైన ప్రతివాడూ దొంగ లెక్క రాసినట్టే కదయ్యా.”

“అవును సార్.”

“వాళ్ళందరికీ లైసెన్సులిచ్చాం. కింద సంతకం నాది.”

“నాలుగో బల్ల ఆవిడ మాత్రం కొలిచి రాసింది సార్. ఆవిడ ఫెయిలు.”

ప్రిన్సిపాలు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఏడేళ్ళుగా ఎవడూ అడగలేదు. నువ్వెందుకు తవ్వుతావు? ఇంకో నాలుగు నెలలుంటే నువ్వు దిగిపోతావు, నా వెనకే.” గదిలో అటూ ఇటూ నడిచాడు. “సరే, ఆవిడకి అన్యాయం జరగకూడదు. ఒక పని చెయ్యి. ఆ చుట్ట కాస్త కత్తిరించి పాతిక చేసెయ్. మరలు వదులుగా ఉన్నాయని రాసి, ఆవిడకి సోమవారం మళ్ళీ పరీక్ష పెట్టిస్తా. కొలుస్తుంది, పాతిక వస్తుంది, పాసవుతుంది. ఆవిడ కొట్టు నిలబడుతుంది, నీ నౌకరీ నిలబడుతుంది, నా సంతకం నిలబడుతుంది. ఏమంటావు?”

పామూ చావకుండా కర్రా విరక్కుండా ఎంత చక్కగా చెప్పాడో. అటెండరు నీళ్ళు నమిలి, “అలాగే సార్,” అన్నాడు.

ఆదివారం స్కూల్లో పిట్ట కూడా లేదు. కిటికీ పక్క బల్ల మీద నాలుగో పెట్టె పెట్టుకుని మూత మరలు విప్పాడు. ఏడేళ్ళ తర్వాత చుట్టకి వెలుతురు తగిలింది. పింగాణీ గొట్టం మీద తీగ వరసలు వరసలుగా, ఎక్కడా చెదరకుండా ఉంది. మొత్తం నూట ఎనభై చుట్లు. ముప్ఫై విప్పి కత్తిరిస్తే చాలు, ఆరో వంతు తగ్గి పాతిక అవుతుంది. పది నిమిషాల పని.

కొస పట్టుకున్నాడు, కటింగ్ ప్లయరు ఎత్తాడు.

సోమవారం ఆమె వస్తుంది. గరుకు కాగితంతో కొసలు రుద్దుతుంది, ఒక కన్ను మూసి చదువుతుంది. ఈసారి ముల్లు పాయింట్ నాలుగు ఎనిమిది మీద ఆగుతుంది. ఆరోజు నేనే తప్పు చదివానన్నమాట అనుకుంటుంది. మీటర్లన్నీ ఒకే మాట మీద ఉన్నాయని సంబరపడిన మనిషి ఇక ఏ మీటరునీ నమ్మదు. అది తలుచుకుంటే అతనికి చెయ్యాడలేదు. ఇంకో సంగతి కూడా ఉంది, దాచడమెందుకు. అంత బాగా చుట్టిన చుట్టని పాడుచెయ్యబుద్ధి కాలేదు.

ప్లయరు సొరుగులో పెట్టేసి, మూత యథాప్రకారం బిగించాడు. ఆమె ముప్ఫై రాస్తుంది. ఎగ్జామినరు తప్పంటాడు. అప్పుడు తను ముందుకొచ్చి, “తప్పు కాదు సార్, ముల్లు చూడండి. పెట్టెలో ఉన్నది ముప్ఫయ్యే, చుట్టింది నేనే,” అంటాడు. ఖాళీ ల్యాబులో ఆ మాటలు పైకి అని చూసుకున్నాడు. మొదటిసారి గొంతు వణికింది. మూడోసారికి బాగానే వచ్చింది. పోతే నౌకరీ పోతుంది. ఆమె ముందు తలెత్తుకుని ఆ స్టూలు మీద కూర్చోవచ్చు.

సోమవారం పొద్దున్నే ప్రిన్సిపాలు, “సరిచేశావా?” అని అడిగాడు.

“చేశాను సార్.”

*

ఒక్క మనిషి కోసం మళ్ళీ ఇంత దూరం రప్పించారని ఎగ్జామినరు మండిపడుతూ వచ్చాడు. ప్రిన్సిపాలు అతనికి కుర్చీ వేయించి పక్కనే కూర్చున్నాడు. ఎనిమిది బల్లల్లో ఏడు ఖాళీ. ఆమె సంచీ గోడ వారగా పెట్టి నాలుగో బల్ల దగ్గరికి వచ్చింది.

అటెండరు ఆమెకెదురుగా, కిటికీ పక్కన నిలబడ్డాడు. చెప్పాల్సిన మాటలు నాలిక మీద సిద్ధంగా ఉన్నాయి.

ఆమె తీగలు తగిలించింది. ఈసారి గరుకు కాగితం తియ్యలేదు. స్విచ్చి వేసి, నేరుగా పన్నెండు వోల్టులకి తెచ్చింది. ముల్లు లేచి పాయింట్ నాలుగు మీద నిలిచింది. ఆమె దాన్ని చూసింది. ఒక కన్ను మూసి, తల సరిచేసుకుని, అలవాటు ప్రకారం సరిగ్గానే చూసింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుని గబగబా రాయడం మొదలెట్టింది. ఆరు, తొమ్మిది వోల్టుల దగ్గర ఆపనే లేదు.

అటెండరు మెల్లిగా వెనకవైపుకి నడిచి భుజం మీదుగా చూశాడు.

ఆరు వోల్టులకి పాయింట్ రెండు నాలుగు. తొమ్మిదికి పాయింట్ మూడు ఆరు. పన్నెండుకి పాయింట్ నాలుగు ఎనిమిది. పాతిక, పాతిక, పాతిక. చివరి వాట్లు అయిదూ పాయింట్ ఏడు ఆరు. గుణకారం ఎక్కడా తప్పలేదు. కింద గీత గీసి “25 ఓములు” అని రాసి, పెన్ను మూత పెట్టింది.

ఆమె మోచేతి పక్కనే ముల్లు పాయింట్ నాలుగు మీద ఉంది.

అటెండరు నోరు తెరిచాడు. నిన్న ఖాళీ ల్యాబులో అంత బాగా పలికిన మాటలు ఇప్పుడు పలికితే ఏమవుతుంది? ఎగ్జామినరు లేచి వచ్చి ముల్లు చూస్తాడు. పాయింట్ నాలుగు చూసి పాయింట్ నాలుగు ఎనిమిది రాసిందని ఈసారి న్యాయంగానే ఫెయిలు చేస్తాడు. ఆమెను కాపాడటానికి దాచుకున్న మాట ఆమె మెడకే చుట్టుకుంటుంది. అతను నోరు మూసుకున్నాడు.

ఎగ్జామినరు వచ్చి కార్డు చూశాడు, కాగితం చూశాడు. “చూశావా? మనసు పెట్టి చేస్తే రాదూ?” అని టిక్కు పెట్టి సంతకం చేశాడు. ప్రిన్సిపాలు అటెండరు వైపు చూసి, భేష్ అన్నట్టు తల ఊపాడు.

ఆమె కాగితం తీసుకుని, ఇద్దరికీ నమస్కారం పెట్టి బయటికి నడిచింది. అటెండరు తీగలు విప్పకుండానే వెనక వెళ్ళాడు. వరండా చివర మెట్ల దగ్గర అందుకున్నాడు. ఆమె మొహం తేటగా ఉంది.

“వెళ్ళొస్తాను బాబాయిగారూ. బోర్డు నా పేరునే రాయిస్తాను. రేడియో తీసుకురండి, పోయినసారి చూపించకుండానే వెళ్ళిపోయారు,” అంది.

ఇక్కడ ఊరుకుని ఉంటే రేడియో పట్టుకుని ఆ సాయంత్రమే వెళ్ళి ఉండేవాడు. స్టూలూ టీ అన్నీ ఉండేవి. ఊరుకోలేకపోయాడు.

“అమ్మా, అది పాతిక కాదు. ఆ రోజు నువ్వు రాసిన ముప్ఫయ్యే నిజం.”

“తెలుసు బాబాయిగారూ.” ఆమె నవ్వింది. “ముల్లు ఆ రోజూ అక్కడే ఉంది, ఇవాళా అక్కడే ఉంది. ఏం చెయ్యను, నలుగురితో పాటు నారాయణా అన్నాను. కొట్టు పోగొట్టుకుని ముప్ఫై పట్టుకుని ఏం చేసుకోను? ఎవరో ఎప్పుడో చుట్ట మార్చేసి ఉంటారు. కార్డు మార్చలేదు, మీకూ చెప్పలేదు. ఇంకెవరితోనైనా చెప్పేరు, మీకు మాటొస్తుంది.”

“మార్చింది నేనే.”

ఆమె ఒక మెట్టు దిగి ఆగింది.

“నా చేతుల్తోనే చుట్టానమ్మా. నూట ఎనభై చుట్లు. ఏడేళ్ళ నుంచీ...” గొంతు మొదటిసారి అని చూసుకున్నప్పుడు వణికినట్టే వణికింది.

ఆమె మొహంలోంచి నవ్వు పోయింది. లెక్కలో అంకెలు సరిచూసుకుంటున్నట్టు కాసేపు అతన్నే చూసింది.

“అయితే ఆ రోజు ఆయన అడిగినప్పుడు, పాతిక అన్నారే. అప్పుడు మీకు తెలుసా?”

“తెలుసు.”

“కొట్టుకొచ్చి కూర్చున్నప్పుడు?”

“తెలుసమ్మా.”

ఆమె చేతిలో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో దోపుకుంది. సంచీ భుజానికి సరిగ్గా తగిలించుకుంది.

“మీకు తెలియదనుకున్నాను,” అంది. “ఆ రోజు పరీక్ష పోయినందుకు అందరి మీదా కోపం వచ్చింది గానీ, మీ మీద రాలేదు. పాపం, బాబాయిగారికి తెలియదు కదా అనుకున్నాను.”

మిగతా మెట్లు దిగి, గేటు దాటి వెళ్ళిపోయింది. లోపలి నుంచి ఎగ్జామినరు, ఏం బాబాయ్, తీగలు తియ్యవా అని కేకేశాడు. అటెండరు కాసేపు గేటు వైపు చూసి, లోపలికి వెళ్ళాడు.